పని ఎవరిది, పేరు ఎవరిది?

(ఒక మహిళా కళాశాలలో ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థినులను ఉద్దేశించి విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, నాతోటి అధ్యాపకులకు, అమ్మాయిలందరికీ నమస్కారం.

ఎకనామిక్స్ వృత్తిలో ఆడవాళ్ళ ఎదుగుదల, నాయకత్వం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే నోబెల్ అందుకున్న పేర్లు చెప్పడం ఆనవాయితీ. 2009లో ఎలినార్ ఆస్ట్రమ్, 2019లో ఎస్తర్ డఫ్లో, 2023లో క్లాడియా గోల్డిన్. 1969 నుంచి ఇస్తున్న బహుమతి అది. ఇప్పటికి దాదాపు వంద మంది అందుకున్నారు, వాళ్ళలో ఆడవాళ్ళు ఈ ముగ్గురే. వాళ్ళలో ఇద్దరి దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు మీ సిలబస్‌లో రోజూ కనిపించే ఒక పేరుతో మొదలుపెడతాను.

ఆల్ఫ్రెడ్ మార్షల్, కేంబ్రిడ్జి ప్రొఫెసర్. డిమాండ్ వ్యాకోచత్వం, వినియోగదారుని మిగులు, అన్నీ ఆయన పేరుతోనే చదువుకున్నారు. ఆయన భార్య మేరీ పేలీ పేరు ఎంతమంది విన్నారు? చేతులెత్తండి... సరే. 1874లో ఆవిడ కేంబ్రిడ్జిలో మగపిల్లలు రాసే ట్రైపాస్ అనే డిగ్రీ పరీక్షే రాసింది. పరీక్ష రాయనిచ్చారు కానీ డిగ్రీ ఇవ్వలేదు. అప్పట్లో కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు డిగ్రీ ఇచ్చేది కాదు. తరవాత అక్కడే ఆడపిల్లలకు ఎకనామిక్స్ పాఠాలు చెప్పింది. ఆ సబ్జెక్టు మీద పాఠ్యపుస్తకం రాయమని మొదట అడిగింది ఆవిడనే. పెళ్ళయ్యాక భర్త కూడా కలిశాడు, 1879లో ఇద్దరి పేర్లతో పుస్తకం వచ్చింది. కొన్నేళ్ళకు మార్షల్‌కి ఆ పుస్తకం నచ్చకుండా పోయింది. దాన్ని మళ్ళీ అచ్చు వేయనివ్వలేదు. 1892లో దాని స్థానంలో తన ఒక్కడి పేరుతో ఇంకో పుస్తకం తెచ్చాడు. 1890లలో కేంబ్రిడ్జిలో ఆడవాళ్ళకు డిగ్రీలు ఇవ్వాలా అని చర్చ వచ్చినప్పుడు, వద్దన్నవాళ్ళ వైపు నిలబడ్డాడు. ఆయన పోయాక మేరీ పేలీ ఏళ్ళ తరబడి ఆయన పేరున్న లైబ్రరీలో జీతం లేకుండా పుస్తకాలు సర్దింది.

ఇదంతా పాతకాలం అనుకుంటారేమో. మీరు అసంపూర్ణ పోటీ చదివారు కదా, దాని మీద 1933లో మూలగ్రంథం రాసిన జోన్ రాబిన్సన్ కేంబ్రిడ్జిలో చదువు ముగించింది 1925లో. డిగ్రీ లేదు. కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు! ప్రపంచమంతా ఆవిడ పుస్తకం పాఠం చెప్పుకుంటుంటే, ఆవిడకి ప్రొఫెసర్ హోదా వచ్చింది 1965లో. అదే విభాగంలో ప్రొఫెసర్‌గా ఉన్న భర్త రిటైరైన సంవత్సరం అది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ గ్వాలియర్‌లో ఉంది, వయసు మళ్ళాక తిరువనంతపురం వచ్చి పరిశోధకులకు పాఠాలు చెప్పింది. 1983లో పోయింది. నోబెల్ రాలేదు.

ఇంకో ఇద్దరి గురించి చెప్తాను. మిల్టన్ ఫ్రీడ్‌మన్ అంటే మీకు ద్రవ్యవాదం, అంటే ధరల తీరు డబ్బు సరఫరాను బట్టి ఉంటుందన్న వాదం, గుర్తొస్తుంది. ఆయన వాదానికంతా పునాది 1963లో వచ్చిన అమెరికా ద్రవ్య చరిత్ర గ్రంథం. దాని మీద రెండు పేర్లుంటాయి, రెండోది అనా ష్వార్ట్జ్. దశాబ్దాల బ్యాంకు లెక్కలు తవ్వి తీసి వరుసలు కట్టడంలో ఆవిడ చేయి చాలా పెద్దది. ఆ పుస్తకం వచ్చిన ఏడాదికి, 1964లో గానీ కొలంబియా యూనివర్సిటీ ఆవిడకి పీహెచ్‌డీ ఇవ్వలేదు. మన దేశానికొస్తే, లైసెన్సుల రాజ్యం వల్ల పరిశ్రమలు ఎట్లా కుంటుపడ్డాయో 1970లోనే పుస్తకం రాసి చూపించారు జగదీశ్ భగవతి, పద్మా దేశాయ్. 1991 సంస్కరణల గురించి పరీక్షలో రాసేటప్పుడు భగవతి పేరు రాస్తారు. సూరత్‌లో పుట్టి, సోవియట్ ఆర్థిక వ్యవస్థ మీద ప్రపంచంలోనే పేరున్న నిపుణురాలైన పద్మా దేశాయ్ పేరు రాసినవాళ్ళను నా సర్వీసులో నేను చూడలేదు. ఇక నుంచి మీరు రెండు పేర్లూ రాయండి.

ఇవన్నీ ఒక్కొక్కరి కథలు, వీటితో ఏం తేలుతుంది అని అడిగే హక్కు ఎకనామిక్స్ విద్యార్థులకు ఉంది. అందుకే కొలిచి చూసిన అధ్యయనం ఒకటి చెప్తాను. నాకు చాలా ముఖ్యమైనది, కాస్త నిదానంగా చెప్తాను.

హెదర్ సార్సన్స్ అనే అమ్మాయి హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తుండగా ఈ పని మొదలుపెట్టింది. అమెరికా యూనివర్సిటీలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్ళకు కొన్నేళ్ళ గడువు ఉంటుంది. ఆలోపు చేసిన పరిశోధన చూసి ఉద్యోగం ఖాయం చేస్తారు, లేదా వెళ్ళిపొమ్మంటారు. ఖాయం చేయడాన్ని టెన్యూర్ అంటారు. సార్సన్స్ పెద్ద యూనివర్సిటీలలో ఈ దశ దాటిన ఎకనామిక్స్ వాళ్ళ పేపర్లన్నీ తీసి, ఒంటరిగా రాసినవి ఎన్ని, కలిసి రాసినవి ఎన్ని, ఎవరితో కలిసి రాశారు అని విడదీసింది. ఒంటరిగా రాసిన పేపర్లకు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ దాదాపు సమానంగానే ఫలితం దక్కింది. తేడా అంతా కలిసి రాసినచోట బయటపడింది. మగవాడు ఎవరితో కలిసి రాసినా ఆ పేపర్ అతని ఖాతాలో నిండుగా పడింది. ఆడమనిషి మగవాళ్ళతో కలిసి రాస్తే ఆవిడకి దక్కింది చాలా తక్కువ. తోటి ఆడవాళ్ళతో కలిసి రాసినప్పుడు ఆ నష్టం అంతగా లేదు. అంటే ఏమిటి? కమిటీలో కూర్చున్నవాళ్ళు పేపర్ మీద రెండు పేర్లు చూశారు. పని ఎవరు చేసుంటారని మనసులో అనుకున్నారు. ఆ అనుకోవడంలోనే ఆవిడ ఉద్యోగం పోయింది. ఆవిడ ముందు ఎవరూ ఒక్క మాట అనలేదు, అవమానించలేదు. ఫిర్యాదు చేయడానికి కూడా ఆధారం ఉండదు.

2015లో మొదటి రూపం బయటికొచ్చినప్పుడు, ఈ పేపర్ కావాలనే ఒంటరిగా రాశానని సార్సన్స్ అందులో ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) పెట్టింది. దాన్ని చదివిన రోజు చాలాసేపు ఇంకే పనీ చేయలేకపోయాను. ఇరవైల్లో ఉన్న పరిశోధకురాలు తన మీద జరగబోయేదాన్ని ముందే లెక్కగట్టి, దానికి తగ్గట్టు నడుచుకోవాల్సి వచ్చింది.

దీని పక్కన ఇంకో రెండు మూడు అధ్యయనాలు పెట్టుకోండి. ఎరిన్ హెంగెల్ పెద్ద జర్నళ్ళలో వచ్చిన పేపర్ల సారాంశాలు పరిశీలించింది. ఆడవాళ్ళు రాసినవి మరింత తేటగా, చదవడానికి సులువుగా ఉన్నాయి. అయినా ఒక ప్రముఖ జర్నల్‌లో వాళ్ళ పేపర్లు సమీక్షలోనే మగవాళ్ళ పేపర్ల కంటే నెలల తరబడి ఎక్కువ కాలం ఉన్నాయి. పాస్కలీన్ డూపా, ఇంకొందరు కలిసి వందల సెమినార్లలో మనుషుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు లెక్కపెట్టించారు. ఆడవాళ్ళు పేపర్ చదువుతుంటే మగవాళ్ళకంటే సుమారు 12 శాతం ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. వాటిలో తెలియనివాళ్ళకు బోధించే ధోరణివి, కయ్యానికి దిగేవి కూడా ఎక్కువే.

మూడోది విధానాలు రాసేవాళ్ళంతా చదవాల్సింది. బిడ్డ పుడితే టెన్యూర్ గడువు ఒక ఏడాది పొడిగించే నియమం చాలా అమెరికన్ యూనివర్సిటీలు పెట్టాయి. సమానత్వం పేరుతో తండ్రులకూ తల్లులకూ ఒకేలా ఇచ్చాయి. హెదర్ యాంటెకోల్, కెల్లీ బెడార్డ్, జెన్నా స్టెర్న్స్ పేరున్న 50 ఎకనామిక్స్ విభాగాల్లో దీని ఫలితం చూశారు. నియమం వచ్చాక మొదటి ఉద్యోగంలో మగవాళ్ళకు టెన్యూర్ దక్కే అవకాశం పెరిగింది, ఆడవాళ్ళకు తగ్గింది, రెండూ ఇరవై శాతం పాయింట్లకు అటూ ఇటూగా. తండ్రులు ఆ ఏడాదిలో ఇంకో పేపర్ రాసుకున్నారు. తల్లులు పాలిచ్చారు, రాత్రులు మేలుకున్నారు. కాగితం మీద ఇద్దరికీ ఒకటే పొడిగింపు.

ఇక మన దగ్గరికి వస్తాను. మన కాలేజీల్లో టెన్యూర్ లేదు, మన లెక్కలు వేరు. మనకు ప్రమోషన్ ఫైలు ఉంటుంది, అందులో పరిశోధనకు మార్కులుంటాయి. నేను పనిచేసిన ఒక కాలేజీలో కల్చరల్ కమిటీ, హాస్టల్, అడ్మిషన్ల హెల్ప్ డెస్క్, తనిఖీ బృందం వచ్చినప్పుడు ముగ్గులు, అలంకరణ, భోజనాలు, ఇవన్నీ ఆడ అధ్యాపకులవే. రీసెర్చ్ కమిటీ, పర్చేజ్ కమిటీ మగ అధ్యాపకులవి. ఎవరూ ఆర్డరు వేసి అన్యాయం చేయలేదు. స్టాఫ్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ చుట్టూ చూసి ఈ పని ఎవరు చూసుకుంటారనేవారు. ఒక నిమిషం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక చెయ్యెత్తేది మేమే. లిండా బాబ్‌కాక్, లీస్ వెస్టర్‌లండ్, ఇంకో ఇద్దరు కలిసి సరిగ్గా ఇదే పరిస్థితిని ప్రయోగశాలలో పెట్టి చూశారు. అందరికీ లాభం, చేసినవాళ్ళకు మాత్రం నష్టం, అట్లాంటి పనికి ఆడా మగా కలిసున్న గుంపులో ఆడవాళ్ళే ఎక్కువగా ముందుకొచ్చారు. అందరూ మగవాళ్ళే ఉన్న గుంపులో ఎవరో ఒక మగవాడు చేశాడు. అంటే ఆ పని చేయడం మగవాళ్ళకు రాక కాదు, పక్కన ఆడవాళ్ళుంటే వాళ్ళు చూసుకుంటారని అందరికీ ధీమా.

సన్మాన సభలు మీరూ చూసుంటారు. వేదిక మీద ఆరు కుర్చీలుంటే ఐదింట్లో మగవాళ్ళు. పక్కన పట్టుచీర కట్టుకున్న ఇద్దరు లెక్చరర్లు, ఇద్దరికీ పీహెచ్‌డీలు ఉంటాయి, శాలువాల పళ్ళెం, బొకేల పళ్ళెం పట్టుకుని సభ అయిందాకా నిలబడి ఉంటారు. నేనూ నిలబడ్డాను. ఈ రోజు ఈ వేదిక దగ్గర ఆ పళ్ళెం అబ్బాయి చేతిలో కనిపించింది, సంతోషం.

మన దగ్గర ఇంకా ముందే, ఇంటర్మీడియట్‌లోనే ఒక తలుపు మూసుకుపోతుంది. ఎలినార్ ఆస్ట్రమ్ కథ వినండి. స్కూల్లో ఆవిడని త్రికోణమితి తీసుకోనివ్వలేదు. ఆడపిల్లలకు ఎందుకన్నట్టు ఉండేది అప్పటి ధోరణి. తరవాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ యూసీఎల్ఏలో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటే లెక్కలు చాలవని ఆ విభాగం వద్దంది. ఆవిడ రాజనీతిశాస్త్రంలో చేరింది. దక్షిణ కాలిఫోర్నియాలో భూగర్భ జలాలను జనం కలిసి ఎట్లా కాపాడుకున్నారన్న అంశం మీద 1965లో పీహెచ్‌డీ అందుకుంది. ఇండియానా యూనివర్సిటీ భర్తకు ఉద్యోగం ఇచ్చింది, ఆవిడకి పొద్దున్నే ఏడున్నరకు క్లాసులు చెప్పే తాత్కాలిక పని ఇచ్చింది. చెరువులు, కాలువలు, అడవులు, మేత భూములు లాంటి ఉమ్మడి వనరులను ప్రభుత్వమో ప్రైవేటు ఆసామో నడపాల్సిన పనిలేదు, ఊళ్ళు తమ నియమాలతో తామే నడుపుకోగలవు అని ఆవిడ చూపించింది. దానికి ఆవిడ వాడుకున్న ఉదాహరణల్లో మన కర్నూలు జిల్లా గ్రామాలు కూడా ఉన్నాయి. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడ కాలువ నీటి పంపకం, పొలాల కాపలా ఊరే నడుపుకోవడాన్ని చూసి రాశాడు, అది ఆవిడ వాదానికి బలమైంది. ఎకనామిక్స్‌లోకి రానివ్వని మనిషికి ఎకనామిక్స్‌లోనే నోబెల్ ఇచ్చారు.

మీలో ఇంటర్లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివినవాళ్ళు ఎంతమంది? ముప్పాతిక మంది ఉన్నారు. అబ్బాయిని ఎం.పి.సి.లో, అమ్మాయిని ఫీజు తక్కువున్న గ్రూపులో వేసిన ఇళ్ళు నాకు తెలుసు. మ్యాథ్స్ కష్టం, ఆడపిల్లకు ఎందుకులే అన్న మాట ఆరోజు ఇంట్లో చిన్నమాటే. ఆరేళ్ళ తరవాత డెరివేటివ్, మ్యాట్రిక్స్, రిగ్రెషన్ ఎదురైనప్పుడు అది పెద్దదవుతుంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ముంబైలోని ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష, రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగం, ఎక్కడికి వెళ్ళాలన్నా లెక్కలు దాటాలి. కాబట్టి ఇక్కడున్న అధ్యాపకులను చేతులు జోడించి అడుగుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో సాయంత్రం ఒక గంట మ్యాథ్స్ బ్రిడ్జి కోర్సు పెట్టండి. దానికి జీవో అక్కర్లేదు. నేను వచ్చి చెప్తాను. అమ్మాయిలూ, ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో ఉచిత కోర్సులున్నాయి, ఫోను మీ చేతిలోనే ఉంది.

ఇదంతా ఎందుకు, ప్రొఫెసర్ ఆడైతే ఏమిటి, మగైతే ఏమిటి అనేవాళ్ళున్నారు. ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి ప్రశ్న మారుతుంది. మూడు ఉదాహరణలు చెప్తాను.

1970లలో మన దేశ లెక్కల్లో పనిచేసే ఆడవాళ్ళ సంఖ్య చాలా తక్కువగా వచ్చేది. దేవకీ జైన్, మాలినీ చంద్ కలిసి రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ ఊళ్ళలో ఇళ్ళకు వెళ్ళి, ఎవరు ఏ గంటకు ఏం చేస్తున్నారో గమనించి రాయించారు. మీరు పనిచేస్తారా అని అడిగితే లేదు, ఇంట్లోనే ఉంటాననే మనిషి పేడ ఎత్తుతోంది, కట్టెలు తెస్తోంది, మేకలు మేపుతోంది, ధాన్యం ఆరబోస్తోంది. సర్వే ప్రశ్న మారితే పనిచేసేవాళ్ళ సంఖ్య మారింది. ఇప్పుడు ప్రభుత్వమే టైమ్ యూజ్ సర్వే చేస్తోంది. 2024 సర్వే ప్రకారం ఇంట్లోవాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ రెండు అంకెలు పరీక్ష కోసం కాకపోయినా గుర్తుపెట్టుకోండి, ఇంట్లో పనికొస్తాయి.

రెండోది భూమి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను, మన సొంత చరిత్ర కాబట్టి. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని మార్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన పని అది. దేశంలో కూతుళ్ళకు ఇట్లా వాటా ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు మాత్రం వర్తించలేదు. తరవాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర కూడా ఇచ్చాయి. మిగతా దేశానికి ఈ హక్కు 2005లో కేంద్రం చట్టం సవరించేదాకా రాలేదు. ఆ సవరణ వెనక బీనా అగర్వాల్ అనే ఎకనామిస్టు ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన, ప్రచారం ఉన్నాయి. పేదరికం, ఆడవాళ్ళ స్థితి అంటే అందరూ చదువు, ఉద్యోగం గురించి మాట్లాడుతున్న రోజుల్లో ఆవిడ, పొలం ఎవరి పేరున ఉంది అని అడిగింది. తిరువనంతపురం జిల్లాలో ఆవిడా ప్రదీప్ పాండా కలిసి సుమారు 500 మంది వివాహితలను కలిశారు. భూమీ ఇల్లూ రెండూ లేనివాళ్ళలో 49 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో దెబ్బలు తిన్నారు. తన పేరున భూమి ఒక్కటే ఉన్నవాళ్ళలో అది 18 శాతం, ఇల్లొక్కటే ఉన్నవాళ్ళలో 10, రెండూ ఉన్నవాళ్ళలో 7. చదువు, వయసు, భర్త తాగుడు అన్నీ పక్కన పెట్టి చూసినా ఆస్తి ప్రభావం నిలబడింది. గృహహింసను ఎకనామిక్స్ ప్రశ్నగా అంతకుముందు చూసినవాళ్ళు చాలా తక్కువ. ఆవిడే మన తెలంగాణకు కూడా వచ్చి, ఆడవాళ్ళు గుంపుగా కౌలుకు తీసుకుని చేసిన సేద్యాన్ని కేరళలో కుటుంబశ్రీ అనే మహిళా సంఘాల గుంపులతో పోల్చి చూసింది. కేరళ గుంపులు దిగుబడిలో బాగా ముందున్నాయి. మనవాళ్ళు దిగుబడిలో వెనకబడ్డా, కూలి ఖర్చు మిగలడం వల్ల నికర ఆదాయంలో విడిగా సేద్యం చేసే కుటుంబాలతో సరిపోయారు.

చట్టం వచ్చి నలభై ఏళ్ళయింది. రిజిస్ట్రార్ ఆఫీసుకి ఒకరోజు వెళ్ళి కూర్చోండి. అక్కచెల్లెళ్ళు వచ్చి హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేసి, అన్నదమ్ముల ఇంట్లో భోంచేసి వెళ్ళిపోతుంటారు. పుట్టింటి గడప తొక్కాలంటే అది ఖరీదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు లేని ఆడమనిషి పొలంలో పొద్దంతా పనిచేసినా, బ్యాంకు దృష్టిలో రైతు కాదు. తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చినప్పుడు డబ్బు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకే వెళ్ళింది. ఎం.ఏ. ప్రాజెక్టుకు అంశం దొరకలేదని నా దగ్గరికి వచ్చే అమ్మాయిలకు నేను ఎప్పుడూ ఇదే చెప్తాను. మీ మండలంలో పాసుపుస్తకాలు ఆడవాళ్ళ పేరున ఎన్ని ఉన్నాయో, అవి ఎట్లా వచ్చాయో, పసుపు కుంకుమ కిందా, కొనుగోలా, వారసత్వమా, వెళ్ళి రాయండి.

మూడోది నీళ్ళు. పంచాయతీల్లో మూడో వంతు సర్పంచ్ పదవులు ఆడవాళ్ళకు కేటాయించాక ఏం మారిందో రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తర్ డఫ్లో పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లాల్లో చూశారు. ఏ పంచాయతీ ఆడవాళ్ళకు వెళ్ళాలో లాటరీ పద్ధతిలా నిర్ణయమైంది కాబట్టి పోలిక శుద్ధంగా ఉంది. రెండుచోట్లా ఆడవాళ్ళు ఎక్కువగా మొరపెట్టుకునేది మంచినీళ్ళ గురించే. ఆడవాళ్ళు అధ్యక్షులుగా ఉన్న పంచాయతీలు రెండుచోట్లా మంచినీళ్ళ మీదే ఎక్కువ ఖర్చుపెట్టాయి. వెనక మొగుడే నడుపుతాడు అనే మాట మన ఊళ్ళలోనూ వింటాం, చాలాచోట్ల నిజం కూడా. అయినా ఫలితం మారింది.

పెద్ద పదవుల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 1885లో పుట్టింది, తొలి మహిళా అధ్యక్షురాలు ఆలిస్ రివ్లిన్, 1986లో. అక్కడ పీహెచ్‌డీలలో ఆడవాళ్ళు మూడో వంతు, ఫుల్ ప్రొఫెసర్లలో ఐదో వంతు లోపే. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రణాళికా సంఘం సభ్యురాలు. రైతుల ఆత్మహత్యలు ముమ్మరంగా ఉన్నప్పుడు 2004లో ఆంధ్రప్రదేశ్ వేసిన రైతు సంక్షేమ కమిషన్‌కు అధ్యక్షత వహించింది జయతీ ఘోష్. మైసూరులో పెరిగిన గీతా గోపీనాథ్ 2019లో అంతర్జాతీయ ద్రవ్యనిధికి తొలి మహిళా చీఫ్ ఎకనామిస్టు అయింది. రిజర్వు బ్యాంకుకు 2003 నుంచి 2013 దాకా వరసగా ఇద్దరు తెలుగువాళ్ళు, వై.వి. రెడ్డి గారు, దువ్వూరి సుబ్బారావు గారు గవర్నర్లు. గర్వపడ్డాం. 1935లో మొదలైన ఆ బ్యాంకుకు మహిళా గవర్నర్ ఇంతవరకూ లేరు. తొలి మహిళా డిప్యూటీ గవర్నర్ కె.జె. ఉదేశి 2003లో వచ్చారు, ఇప్పుడు పూనమ్ గుప్తా ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారు కుర్చీలో కూడా ఆడమనిషి కూర్చోలేదు.

నా ప్రసంగం ఇంతే. ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: మేడమ్, ఆడవాళ్ళు లేబర్, జెండర్, ఆరోగ్యం లాంటి సబ్జెక్టుల్లోనే ఉంటారు, మాక్రో, ఫైనాన్స్ వాళ్ళకు పడవు అంటారు కదా?)

అనేవాళ్ళకు పేర్లు చెప్పమ్మా. ద్రవ్య చరిత్ర రాసిన అనా ష్వార్ట్జ్ గురించి ఇప్పుడే చెప్పాను. జానెట్ యెల్లెన్ అమెరికా కేంద్ర బ్యాంకునూ నడిపింది, ఖజానా మంత్రిగానూ చేసింది. ఆన్ క్రూగర్ 1974లో లైసెన్సుల కోసం జనం పడే పోటీ వల్ల దేశానికి ఎంత వృథానో లెక్కకట్టింది. అందులో మన దేశానిదే ఒక లెక్క, 1964కి జాతీయాదాయంలో 7.3 శాతం. తరవాత ప్రపంచ బ్యాంకు చీఫ్ ఎకనామిస్టు అయింది. ఆ రంగాల్లో ఆడవాళ్ళు తక్కువమంది ఉన్న మాట నిజం. డాలస్‌లో, మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే ఊరే, అక్కడి సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో కేథరిన్ పోర్టర్, డనిలా సెరా ఒక ప్రయోగం చేశారు. ఎకనామిక్స్ చదివి మంచి ఉద్యోగాల్లో ఉన్న ఇద్దరు పూర్వ విద్యార్థినులను మొదటి ఏడాది క్లాసులకు రప్పించి కాసేపు మాట్లాడించారు. ఆ క్లాసుల్లో ఎకనామిక్స్‌ను ప్రధాన సబ్జెక్టుగా ఎంచుకున్న అమ్మాయిలు దాదాపు రెట్టింపయ్యారు. చాలా చిన్న ఖర్చు. మీ డిపార్ట్‌మెంట్ నుంచి వెళ్ళి బ్యాంకుల్లో, ప్రణాళిక శాఖలో, స్టాటిస్టిక్స్ ఆఫీసుల్లో ఉన్న అక్కల ఫోన్ నంబర్లు సేకరించండి, నెలకొకరిని పిలవండి.

(ఇంకో విద్యార్థిని: మేడమ్, నాకు యూజీసీ నెట్ పరీక్ష రాయాలని ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళయితే పీహెచ్‌డీ కుదరదు అంటున్నారు.)

కూర్చో తల్లీ. ఇంట్లో చెప్పడానికి నీ చేతిలో ఉండాల్సిన వివరాలు ఇస్తాను, రాసుకో. జేఆర్ఎఫ్, అంటే నెట్‌లో ముందున్నవాళ్ళకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 రూపాయలు, అది ఉద్యోగం లాంటిదే, నాన్నగారికి ఆ అంకె ముందు చెప్పు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి మామూలు గడువు ఆరేళ్ళు. తిరిగి రిజిస్టర్ చేసుకుంటే రెండేళ్ళు, ఆడవాళ్ళకు ఇంకో రెండేళ్ళు, మొత్తం పదేళ్ళు మించకూడదు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు కలిపి 240 రోజుల దాకా సెలవు. ఈ నిబంధన కాపీ ప్రింటు తీసి పెట్టుకో, కొన్ని ఆఫీసుల్లో క్లర్కులకే తెలియదు. సంబంధం మాట్లాడేటప్పుడు చదువుతుంది అని పెద్దవాళ్ళు ఊరికే ఒక మాట అనేస్తారు. ఏ ఊళ్ళో, ఏ యూనివర్సిటీలో, ఎన్నేళ్ళు అన్నది అబ్బాయితో నువ్వే మాట్లాడు. నెట్ సిలబస్, పాత ప్రశ్నపత్రాలు నా దగ్గర ఉన్నాయి. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రా, ఇంకా ఎవరైనా రాసేవాళ్ళుంటే వాళ్ళనూ తీసుకురా.